తెర ముందరే కూర్చున్న మా అత్తమ్మ

నిన్న పొద్దున కోదాడ నుంచి ఆడబిడ్డ ఫోన్.

"వదినా, అమ్మ నిద్రల్నే పోయింది."

స్టవ్ ఆపి, వంటగదిలోనే కింద కూర్చుండిపోయాను.

శుక్రవారానికి మిర్యాలగూడ మా ఇంటికి వచ్చేస్తానంది అత్తమ్మ. కొత్త సినిమాకు ఇద్దరికీ టికెట్లు కూడా బుక్ చేశాను. మధ్య వరుస, మధ్య సీట్లు. ఎనభై ఎనిమిదేళ్లు వచ్చినా ఆమె ఇంకెక్కడా కూర్చోదు.

సాయంత్రం దహనం అంతా అయిపోయాక, పోస్ట్ రాస్తానంటే మావారి అన్న అన్నారు: "సిన్మా పిచ్చి గురించి రాయకమ్మా. పూజలు మంచిగ చేసేదని రాయి. నలుగురు సూస్తరు."

నలుగురూ చూడాలనే రాస్తున్నాను బావగారూ.

అత్తమ్మ పూజ పది నిమిషాల్లో ముగించేది. సినిమాలో మాత్రం చివరి పేరు పడేదాకా లేచేది కాదు.

దానికి కారణం ఉంది.

రజాకార్ల భయం తీరిన కొత్తల్లో సూర్యాపేటకు డేరా టాకీస్ వచ్చింది. అప్పుడు ఆమెకు పన్నెండేళ్లు.

మధ్యలో నీళ్లతో తడిపిన తెల్లగుడ్డ తెర. ముందు వైపు మగవాళ్లు, వెనక వైపు ఆడవాళ్లు. బొమ్మ రెండు వైపులా కనిపిస్తుంది. వెనక మాత్రం కుడి ఎడమలు తారుమారు.

ఆ సంగతి ఆమెకు తెలియదు. మర్నాడు బావి దగ్గర అందరికీ, హీరోది ఎడమచేతి వాటమని, కత్తి భలే తిప్పాడని చెప్పింది.

వాళ్ల అన్న పడీ పడీ నవ్వాడు. "ఎన్కకెల్లి సూసినోళ్లకు గట్లనే కనవడ్తది. నీకేం ఎరుక సిన్మా గురించి!"

ఆ ఒక్క మాట చాలు.

ఆ రోజు ఆటకు నేరుగా మగవాళ్ల వైపు వెళ్లి, మధ్యలో గుంజ పక్కన కూర్చుంది.

గేటు మనిషి వచ్చాడు. "ఏ పోరీ, లే. ఆడోళ్లు అవుతలికి పోవాలె."

"పోను. నేను అక్షరాలు నేర్సుకున్న. అవుతల పేర్లు ఉల్టా కనవడ్తున్నయి. ఎట్ల సదవాలె?"

అన్న చెయ్యి పట్టి లాగాడు. ఆమె గుంజను కావలించుకుంది. చివరికి జనమే విసుక్కున్నారు: "ఉంటే ఉండనియ్యుండ్రి, బొమ్మ ఎయ్యి!"

పేర్లు పడ్డాయి. ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ పైకి చదివింది. తెర వెనకున్న ఆడవాళ్లందరికీ వినపడేలా.

ఇంటికొచ్చాక అన్న అడిగాడు, ఇప్పుడేమంటావని.

"కత్తి కుడిచేత్తోనే తిప్పిండు, ఒప్పుకుంట. గని తప్పు జేసిన మొగుని కాళ్లు ఆ పిల్ల మొక్కుడేంది? ముందటికెల్లి సూసినా గది తప్పే."

అదీ మా అత్తమ్మ.

మేమిద్దరం చూసిన ప్రతి సినిమాకూ నా నోట్‌బుక్‌లో రెండు పేజీలు. ఎడమ పేజీ నా అభిప్రాయం. కుడి పేజీ ఆమెది, ఆమె చేతిరాతతోనే.

పోయిన నెల సినిమాకు నేను 'ఫైట్లు బాగున్నాయి' అని రాశాను. ఆమె రాసింది: "నలభై మందిని కొట్టిండు సరే. ఒక్కపూటన్న అన్నం తిన్నడా?"

అంతకు ముందు దానికి 'హీరోయిన్ చక్కగా చేసింది' అన్నాను. నా పేజీ చదివి కళ్లజోడు పైనుంచి చూసింది. "ఏం జేసింది? ఉత్తగ నిలవెట్టిండ్రు. ఆ పిల్లకు ఒక్క పని జెప్పకపాయె."

ఆలోచించి నా వాక్యం కొట్టేశాను.

సినిమా చూడటం పిచ్చి అయితే, చూసినదాని గురించి సొంతంగా ఒక మాట అనడం కూడా పిచ్చే అయితే, ఆమెకు ఉంది. నాకూ అంటించింది. దాచను.

మైల రోజులు తీరాక సినిమాకు వెళ్తాను. నా పేజీ నేను రాస్తాను. ఎదుటి పేజీ అలాగే ఖాళీగా ఉంచుతాను.

పోయిరా అత్తమ్మా. లెమ్మని ఎవరూ అనని చోట ప్రశాంతంగా కూర్చో.

పేర్లు మాత్రం పైకి చదువు. మేమింకా తెర వెనకే ఉన్నాం.