నాలుగు మెగా

మా బాబాయి ఇంటర్నెట్ కంపెనీలో లైన్లు వేసేవాడు. భుజాన కేబుల్ చుట్ట, చేతిలో వేగం కొలిచే చిన్న డబ్బా. ఎంత వేగం వస్తే అంతే చెప్పేవాడు, పిసరంత కూడా పెంచి చెప్పేవాడు కాదు. అందుకేనేమో, తర్వాత జరిగింది ఆయన్ని అంత గట్టిగా పట్టుకుంది.

ఊరి చివర చిన్న ఆసుపత్రికి లైను వేసింది ఆయనే. అక్కడ స్కానింగ్ యంత్రం ఉంది గానీ, తలకు తగిలిన దెబ్బ చూసి చెప్పగల పెద్ద డాక్టరు లేడు. తీసిన బొమ్మల్ని నగరంలోని పెద్దాసుపత్రికి పంపాలి. లైను పూర్తయిన రోజు, ఎంత వస్తుందని అక్కడి డాక్టరుగారు అడిగాడు.

"సెకనుకి నాలుగు మెగా. తగ్గదు, నాదీ పూచీ," అన్నాడు బాబాయి.

ఆ మెగా తర్వాత రావలసిన మాట ఇద్దరూ మింగేశారు. లైన్లు వేసేవాళ్లకు మెగా అంటే మెగాబిట్టు. ఫైళ్లు చూసుకునేవాళ్లకు మెగాబైటు. ఎనిమిది బిట్లు కలిస్తే గానీ ఒక్క బైటు కాదు. బాబాయి చెప్పిన నాలుగు, డాక్టరుగారి లెక్కలో అర మాత్రమే.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం, వ్యాను డ్రైవరొకాయన భార్య మేడమెట్ల మీద జారిపడింది. స్పృహలోనే ఉంది, మాట్లాడుతోంది. స్కాన్ తీశారు, ఫైలు తొమ్మిది వందల మెగాబైట్లు. సెకనుకి నాలుగు చొప్పున నాలుగు నిమిషాల్లోపే వెళ్లిపోతుందని డాక్టరుగారు మనసులో లెక్క వేసుకున్నాడు. డ్రైవరు అప్పటికే నగరానికి తీసుకుపోదామని వ్యాను స్టార్ట్ చేసి గేటు దగ్గర పెట్టాడు. దారిలో కుదుపులు ప్రమాదమనీ, నాలుగు నిమిషాలాగితే అక్కడి పెద్ద డాక్టరు చూసి చెబుతాడనీ డాక్టరుగారు ఆపాడు.

నాలుగు నిమిషాలైనా తెర మీది గీత మొదట్లోనే ఉంది. ఇదిగో అదిగో అనుకుంటూ ఆగారు. మధ్యలో డాక్టరుగారు బాబాయికి ఫోన్ చేసి, లైను నత్తనడక నడుస్తోందన్నాడు. బాబాయి కూర్చున్నచోటు నుంచే కొలిచి చూశాడు.

"లైను బాగానే ఉంది డాక్టరుగారూ. నాలుగుకి నాలుగూ వస్తున్నాయి."

ఏం పంపుతున్నారని అడగలేదు.

బొమ్మలు పూర్తిగా చేరడానికి అరగంట పట్టింది. ఆలోపే ఆవిడ మగతలోకి జారిపోయింది. మళ్లీ కళ్లు తెరవలేదు.

మర్నాడు లైను చూడ్డానికి వెళ్లిన బాబాయికి నర్సు ఇదంతా చెప్పింది. "ఇంకా ఎంతసేపు, ఇంకా ఎంతసేపు అని అడుగుతూనే ఉందండీ, పాపం," అంది. బాబాయి అక్కడే గోడకి ఆనుకుని తొమ్మిది వందల్ని అరతో భాగించుకున్నాడు. డాక్టరుగారి గదిలోకి వెళ్లి ఆ లెక్క చెప్పాడు.

అప్పటి నుంచి ఆఫీసులో ఏ ఫైలు కదులుతున్నా, వెనక నుంచి ఒక ఆడగొంతు "ఇంకా ఎంతసేపు?" అనేది. కాస్త బొంగురు గొంతు, చివర సాగదీత. వెనక్కి తిరిగితే ఖాళీ కుర్చీ. ఆవిడ గొంతు తానెన్నడూ వినలేదు కదా, మనసే ఏదో గొంతు తగిలించుకుందని సర్దిచెప్పుకునేవాడు. అన్నానికి పిలిచినా ఉలిక్కిపడుతుంటే పిన్ని నిలదీసి అడిగింది. విన్నాక, "వెళ్లి వాళ్లాయనకి చెప్పెయ్యండి. తిడితే పడండి, కొడితే పడండి," అంది.

వెళ్లాడు. తలుపు తట్టగానే లోపలి నుంచి "ఎవరండీ?" అని వినిపించింది. అదే బొంగురు, అదే సాగదీత. తలుపు తీసింది డ్రైవరు కూతురు, కాలేజీలో చదువుకునే పిల్ల. మంచినీళ్లిచ్చి లోపలికెళ్లింది. "దాని గొంతు అచ్చం వాళ్లమ్మదే. ఒక్కోసారి నేనూ మోసపోయి పలుకుతుంటాను," అన్నాడు డ్రైవరు, ఎవరూ అడక్కుండానే.

బాబాయి తానెవరో చెప్పాడు. బండి మీటరు మీద అంకె ఉందనుకోండి, అది మైళ్లో కిలోమీటర్లో తెలియకపోతే ఎప్పటికి చేరతామో ఎలా చెబుతాం, ఇదీ అలాంటిదే అని విడమరచి చెప్పాడు. ఫోన్ వచ్చినప్పుడు ఒక్క మాట అడిగి ఉంటే తనకు తెలిసిపోయేదని కూడా దాచలేదు.

డ్రైవరు తిట్టలేదు, కొట్టలేదు. "నేను ఇంజిన్ ఆపలేదు సార్. అంతసేపూ ఆపలేదు," అని మాత్రం అన్నాడు.

ఆ తర్వాత బాబాయి ఎక్కడ లైను వేసినా ఉత్త అంకె చెప్పడం మానేశాడు. వాళ్లేం పంపుతారో అడిగి, దానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చెప్పేవాడు. పెద్ద అంకె చెప్పి అమ్ముకోవలసిన చోట ఈ చాదస్తమేమిటని పైవాళ్లు విసుక్కునేవారు. ఆయన పట్టించుకోలేదు.

చలి మొదలయ్యాక ఒక ఆదివారం డ్రైవరు వ్యాను తెచ్చి మా వీధిలో ఆపాడు. బాబాయిని రమ్మన్నాడు. ముందు తలుపు తీయబోతే, "అక్కడొద్దు సార్. వెనక కూర్చోండి," అన్నాడు.

వెనక బెంచీ సీటు మీద దుప్పటి పరిచి ఉంది. బాబాయి దాని మీద కూర్చోలేక పక్కనున్న చిన్న మడతసీటులో ఒదిగాడు. ఊరు దాటారు. గుంటల దగ్గర డ్రైవరు బండిని పసిబిడ్డని మోసినట్టు దించి ఎక్కించాడు. ప్రతి కుదుపుకీ బాబాయి చెయ్యి దానంతటదే చాచుకుని దుప్పటి అంచుని పట్టుకునేదట. వంతెన దగ్గర లారీలు అడ్డం పడి ఆగిపోయారు. మళ్లీ కదిలారు. పెద్దాసుపత్రి గేటు ముందు డ్రైవరు బండి ఆపి, స్టీరింగ్ మీద తల వాల్చాడు.

బాబాయి అడిగాడు, "ఎంతసేపు పట్టింది?"

"చూడలేదు సార్. గడియారం ఇంట్లోనే వదిలేసి వచ్చాను," అన్నాడు డ్రైవరు. "చూస్తే, ఆ రోజు బయల్దేరి ఉంటే అది దక్కేదో, దక్కేది కాదో తెలిసిపోతుంది. ఏది తెలిసినా నేను బతకలేను."

బాబాయి తన వాచీ ఉన్న చేతిని జేబులో పెట్టుకున్నాడు. తిరుగుదారిలో ముందు సీటులో కూర్చోమన్నాడు డ్రైవరు.

బాబాయి రిటైరయ్యాడు. డ్రైవరు వ్యాను అమ్మేసి దూరాల లారీల మీదికి వెళ్లాడు. ఎక్కడెక్కడి నుంచో ఫోన్ చేస్తుంటాడు. రోడ్డు ఎలా ఉంది, వాన పడిందా, టైర్లు మార్చావా అని ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకుంటారు. ఆవిడ ఊసు ఇద్దరూ ఎత్తరు.