చిన్నాయన పంపిన కబురు

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, దేవరకొండలో ఒక చిన్న కంపెనీ కిరాయి గదిలో నౌకరీ చేస్తూ, ప్రపంచంలోని వస్తువులన్నిటికీ మాటలు నేర్పుతున్నానని అనుకునేవాణ్ణి. నిజానికి నేను నేర్పింది ముప్పై బోరు మోటార్లకు. రైతు ఫోన్లో మీట నొక్కితే ఆ కబురు మా సర్వర్లో కూర్చుంటుంది. బోరు దగ్గరి డబ్బాకు కరెంటు రాగానే అది సర్వర్‌ను అడిగి, కబురు ఉంటే మోటారు వేస్తుంది. అరగంటలో అందని కబురును సర్వర్ చెరిపేయాలి. ఆ గడువు పెట్టడం మరిచిపోయింది నేనే. (ఇన్నేళ్లుగా గొంతులో ఇరుక్కున్న మాట ఇది.)

మొదటి డబ్బాను మర్రిగూడ దగ్గర మా చిన్నాయన బత్తాయి తోటలో పెట్టాను. కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపే పాత ఆటో స్టార్టర్ పీకేసి, "ఇగ ఫోన్ ఒత్తితే తప్ప మోటర్ నడవదు" అని ఊరందరి ముందు గొప్పగా చెప్పాను. నెల తిరక్కుండానే ఒక పొద్దున చిన్నాయన మంచం మీదే గుండె ఆగి పోయాడు. తోటలోనే దహనం చేశాం. తోట వైపు ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఆ పొద్దుటే కాలిపోయింది.

మూడో రోజు పిట్టకు పెట్టడానికి, అంటే పోయినవాడి పేరిట కాకులకు తిండి పెట్టడానికి, బోరు పక్కనే విస్తరి వేశాం. కోడికూర, కల్లు, ఆయన తాగే బీడీ అన్నీ ఉన్నాయి. ఒక్క కాకి దిగలేదు. ఎండిన కొమ్మల మీద వరసగా కూర్చుని మమ్మల్నే చూస్తున్నాయి. ఆకు కూడా కదలడం లేదు.

"ఏం కోరికున్నదో, తీరుస్తమని చెప్పుండ్రి" అంది పక్క చేను ముసలమ్మ.

మా బాపు చేతులు జోడించాడు. "తమ్మీ, ఫికర్ చెయ్యకు. తోటకు మంచి బేరమొచ్చింది. అమ్మి నీ పిల్లలను సదివిస్త. జర తిని పో."

ఆ మాట పూర్తికాకముందే మోటారు గుర్రుమంది.

బాపు జేబులోంచి చిన్నాయన ఫోను తీశాడు. నల్లగా, చల్లగా ఉంది. "గిది బందే ఉన్నది గదరా! మరెవలు ఒత్తిండ్రు?" అని నావైపు చూశాడు. నేను వంగి డబ్బా తీగలు చూస్తున్నట్టు నటించాను. (ఊరికి సాంకేతిక నిపుణుణ్ణి నేనే!)

"అమ్మను తమ్మీ! నీ కాళ్లు మొక్కుత, అమ్మను!" అంటూ బాపు బురదలో సాష్టాంగపడ్డాడు. పాదుల్లోకి నీళ్లు పారాయి. కాకులు నీళ్లకు దిగి, అటునుంచి అటే విస్తరి మీద పడ్డాయి.

సాయంత్రం గదికి వెళ్లి చూస్తే సర్వర్లో ఉంది: కబురు వచ్చింది చిన్నాయన పోయిన రోజు పొద్దున, అందింది ఈ రోజు. బతికుండగా ఆయన చివరిసారి నొక్కిన మీట అది. ట్రాన్స్‌ఫార్మర్ బాగై కరెంటు వచ్చేదాకా అది అక్కడే ఆగింది. చెబితే నౌకరీ పోతుందని నోరు మూసుకున్నాను. పైగా చిన్నమ్మ, "తోట అమ్మనని నేనంటే ఒక్కలు ఇన్లే బిడ్డా. గాయనంటే ఇన్నరు" అని మొదటిసారి కడుపునిండా తింది. తోట దక్కింది. బాపు మాత్రం మళ్లీ ఆ దారి తొక్కలేదు. మోటారు చప్పుడు వింటే ఆయనకు ఇప్పటికీ చెమటలు పడతాయి.

మొన్న ఉండబట్టలేక బాపుకు అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. ఆయన వకీలులా ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ఒత్తింది ఎవలు?"

"చిన్నాయనే."

"అందిందెప్పుడు?"

"పోయిన మూడొద్దులకు. తప్పు నాదే బాపు."

"మరి నేను భయపడ్డది కరెక్టే గదరా! మాట వానిదే. నువ్వు మోసినవంతే."

ఇప్పుడు మా సర్వర్లో వేల డబ్బాలున్నాయి. ప్రతి కబురుకూ గడువు పెట్టాను, ఆ తోట డబ్బాకు తప్ప. ఎందుకని కుర్ర ఇంజనీర్లు అడిగితే, పాత డబ్బా అని నవ్వి తప్పించుకుంటాను.