లిస్టులో రాయని ఆరు లైబ్రరీలు

మా ఆఫీసులో అందరం ఆమెను చాదస్తం అక్క అంటాం. ఎదురుగా కాదు లెండి, నాకింకా ఉద్యోగం కావాలి. ఇతరులు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్ ముక్కల్ని లైబ్రరీలంటారు. అవి తెచ్చి వాడుకుంటే ప్రతిదాని పేరూ, వెర్షన్ నంబరూ ప్రాజెక్టు లిస్టులో ఎక్కించాల్సిందే. ఎక్కించకపోతే చెడామడా తిట్టేది. అందరికన్నా ఎక్కువ తిట్లు తిన్నది పక్క సీటులో కూర్చునే ఆమె సొంత తమ్ముడే.

"లిస్టులో ఎక్కించరా, నీకు దండం పెడతా."

"నా మెషీన్‌లో ఉన్నాయి కదక్కా, నడుస్తోంది కదా. నేనెక్కడికి పోతాను?"

పోయాడు. బైకు మీద వస్తూ లారీ కింద పడ్డాడు. రెండు వారాలకు అక్క మళ్ళీ పనిలోకి వచ్చింది. ఏడవలేదు. టీ తెచ్చిస్తే తాగేది, తేకపోతే అడిగేది కాదు. తమ్ముడి మెషీన్‌ను మాత్రం ఎవర్నీ ఆపనివ్వలేదు.

సోమవారం ఆమె రాకముందే స్టోర్స్ చూసే ఆయన దాన్ని పట్టుకుపోయాడు. పావుగంటలో, తమ్ముడు బుకింగ్ పేజీ చేసిచ్చిన ఆసుపత్రి నుంచి ఫోను. డయాలసిస్ బుకింగ్ పేజీలో క్యాలెండర్ లేదు, బటన్లు నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. మధ్యాహ్నం రెండింటికి మర్నాటి బుకింగ్ మూసేస్తారు. ఈలోగా పేజీ బాగుపడకపోతే రేపు రోగులకు డయాలసిస్ ఉండదు. మహానుభావుడు ఆరు లైబ్రరీలనీ తన మెషీన్‌లోనే ఉంచి, పేజీ అక్కణ్ణుంచే తెచ్చుకునేలా చేశాడన్నమాట! పోయినవాణ్ణి తిట్టకూడదంటారు. నేను తిట్టాను.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "ఆ డబ్బా మళ్ళీ తెచ్చి పెట్టేయండమ్మా. ఇక అక్కడే ఉండనీండి, గొడవ వదిలిపోతుంది."

తెచ్చి పెట్టాం. పేజీ నడిచింది. నాకు ప్రాణం లేచొచ్చింది. మెషీన్ ఇక కదలదు కాబట్టి అక్కకూ అదే కావాలనుకున్నాను. ఆమె మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుంది.

"వద్దు సార్. ఇది మళ్ళీ ఆగిందంటే రోగుల ప్రాణం మీదికొస్తుంది."

తమ్ముడి ఫోల్డరు తెరిచి ఒక్కో పేరూ, నంబరూ చదివింది. నేను లిస్టులో టైపు చేశాను. ఆమె గొంతులో ఏమీ లేదు, రైలు టైములు చదువుతున్నట్టుంది. క్యాలెండర్‌ది మూడేళ్ళ నాటి నంబరు.

"కొత్తది వేస్తే పోలా?" అన్నాను.

"వాడు కోడంతా పాతదానికి రాసుకున్నాడు. పాతదే పెట్టు."

అన్నీ పేజీ ఉండే సర్వర్లోకి ఎక్కేసరికి ఒంటిగంటన్నర. సరిగ్గా ఎక్కాయో లేదో తేలాలంటే అతని మెషీన్ ఆపి చూడాలి, ఇంకో దారి లేదు. నేను చెయ్యి చాపాను.

"నువ్వు కాదు," అంది.

తానే బల్ల కిందికి దూరి స్విచ్ ఆపింది. లోపలి ఫ్యాను చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. నేను పేజీ మళ్ళీ తెరిచాను. క్యాలెండర్ వచ్చింది. బటన్లన్నీ పనిచేశాయి.

"నడుస్తోందక్కా."

ఆమె బల్ల కిందనుంచి రాలేదు.

"నడవకపోతే బాగుండేదిరా," అంది.