ఖాళీగా వదిలిన గీతలు

హుకుంపేట దాటి లోపలికి వెళ్తే వచ్చే కొండ ఊళ్లకు నేను నర్సును. ఒక ఊళ్లో ఒక తల్లి చనిపోయిందని తెలిసి చావు నమోదు ఫారం పట్టుకుని వెళ్లాను. ఆమెకు క్షయ ఉంది. మలేరియా పరీక్ష కిట్‌లోనూ ఉందన్నట్టు గీత పడింది. ఎప్పటినుంచో కీళ్ల నొప్పులు, పచ్చబడ్డ కళ్లు. సికిల్ సెల్ అనే రక్తపు జబ్బని నా అనుమానం. రక్తం తీసి పంపాను గానీ, రిపోర్టు రాకముందే మనిషి పోయింది.

ఆ ఇంటి ముందు ఊరి గురువు, అంటే దేవతలనడిగి రోగానికి కారణం చెప్పే పెద్దాయన, చాటలో బియ్యం తిప్పుతూ ఒక్కో దేవత పేరూ పిలుస్తున్నాడు. ఏ పేరు దగ్గర చెయ్యి ఆగితే అదే కారణం. ఆ పూజ చేస్తే మిగిలినవాళ్లకు భయం లేదు. నా మొహం మండ, లోలోపల నవ్వుకున్నాను.

ఫారంలో చావు కారణానికి పైన ఒక గీత, దాని వెనకున్న జబ్బులకు కింద మరికొన్ని గీతలు ఉంటాయి. డాక్టరుగారికి ఫోన్ చేశాను.

"ఆఖర్న ప్రాణం తీసింది జ్వరమే కదా, అదొక్కటే రాసెయ్యి. రిపోర్టు లేని జబ్బు రాస్తే వంద ప్రశ్నలు."

పైన మలేరియా అని రాశాను. కింద ఖాళీ. ఆమె భర్త అడిగితే చదివి వినిపించి, ఒక కాపీ ఇచ్చాను.

తర్వాత రిపోర్టు వచ్చింది. సికిల్ సెల్లే. అది పిల్లలకూ రావచ్చు. ఆమె కూతురికి పరీక్ష చేయించాలి. సంత రోజు వెళ్దాం, వాన తగ్గాక వెళ్దాం అంటూ కూర్చున్నాను.

ఒక ఉదయం ఆమె భర్తా, అతని తమ్ముడూ నా దగ్గరికి డోలీ మోసుకొచ్చారు. అందులో తొమ్మిదేళ్ల కూతురు కాళ్లు ముడుచుకుని మూలుగుతోంది. కళ్లు పసుపు.

"ఎన్నాళ్లయింది?" అని అరిచాను.

"నాలుగు దినాలమ్మా. తల్లికొచ్చిందే ఈ గుంటకీ వచ్చినాది. మీరు మలేరియా అని రాసినారు గదా. ఇంట్లో ఆ మాత్రలుంటే ఏసినాం. తగ్గనేదు. మళ్లీ ఏసినాం."

అతని మీద కోపం వచ్చింది. మరుక్షణం ఆ కోపం నామీదికే తిరిగింది. గురువు దేవత పేరు చెబితే ఆ పూజ, నర్సమ్మ జబ్బు పేరు రాస్తే ఆ మాత్ర. కారణం తేలాక మళ్లీ వెతకడం వాళ్లకు అలవాటు లేదు. నన్నూ గురువంతగా నమ్మారు.

"బేగి పోనీ బాబూ, బేగి!" అని, పిల్లని ఎక్కించిన అంబులెన్సు డ్రైవర్ని తొందరపెట్టాను. అరకు ఆసుపత్రి చేరకముందే పిల్ల నా ఒళ్లోనే పోయింది.

ఈసారి ఫారంలో గీతలన్నీ నింపాను. సికిల్ సెల్, కామెర్లు, రక్తం తగ్గడం, జ్వరం. అతనికి చదివి వినిపించాను.

"ఇన్ని రాసినారు. ఇందులో ఏటి సంపినాదమ్మా నా గుంటని?"

"నేనే" అని అనలేకపోయాను.