సారు అడిగింది మామిడి చెక్క

మా సైన్స్ సారు పోయారన్న కబురు నాకు టేకు కోసం వచ్చిన ఫోనులో తెలిసింది. వాళ్ల పెద్దకొడుకు దుబాయ్ నుంచి చేశాడు. "అన్నా, బాపు పొద్దుగాల పోయిండు. నేను రేపటి వరకు దిగుత. పెట్టెకు నీ మిల్లుల మంచి టేకు ఉన్నదా?" అంతా ఒక్క ఊపిరిలో అనేశాడు. ఖానాపూర్‌లో నాకు సామిల్లు ఉంది కాబట్టి నన్నే అడిగాడు. కానీ సారు తన శవపెట్టెకు ఏ చెక్క కావాలో ఎప్పుడో చెప్పి పెట్టుకున్నారు. మామిడి. ఆ మాట చెప్తే అటువైపు నవ్వాడు. ఆ నవ్వు మీద నాకింకా కోపం పోలేదు.

సారు మాకు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పారు. ఒకనాడు క్లాసుకు పుచ్చిన దుంగ తెచ్చి, తలా ఒక పేడు చేతిలో పెట్టి, దీనికేమైందో చెప్పమన్నారు. "చెద పట్టింది సార్" అన్నాం అందరం. మా దిక్కు కర్ర ఎట్లా పాడైనా చెదే కదా. ఆయనకు మండింది.

"చెద పడితే మన్ను గూడు ఉంటది గదరా, ఏది? కండ్లున్నయా? గిది బూజు తిన్న కర్ర. ఇంకోసారి చెద అన్నోని చెవి మెలిపెడ్త."

కోపం దిగాక నిదానంగా విప్పి చెప్పారు. కర్రలో పీచు ఉంటుంది, దాన్ని గట్టిగా పట్టి ఉంచేది లిగ్నిన్ అనే పదార్థం, స్లాబులో ఇనుప చువ్వలను సిమెంటు పట్టినట్టు. పశువు కడుపులో కూడా అది అరగదు. "చెట్టు నిలవడ్డదంటే గా లిగ్నిన్ తోనే. దాని జోలికి పోయేటోళ్లు తక్కువ. తెల్లబూజు పోతది" అన్నారు. వానలకు పుట్టగొడుగులై పైకి కనబడే ఆ బూజుకు నోరు లేదు, పళ్లు లేవు. సన్నటి పోగులుగా కర్రలోకి దూరి ఎంజైములు వదులుతుంది. అవి లిగ్నిన్‌ను ముక్కలు ముక్కలుగా తెంచుతాయి. చివరికి గట్టి దుంగ కూడా వేలితో చీలే తెల్లటి పీచు అవుతుంది. ఈ పని చేసేవాళ్లు లేకపోతే అడవిలో పడిన చెట్టు పడినట్టే ఉండేది, కొత్త మొక్కకు చోటు దొరికేది కాదు. మాకు అర్థమైందో లేదో గానీ, ఆయన కళ్లలో సంతోషం చూస్తూ కూర్చున్నాం.

రిటైరయ్యాక ఆదివారాలు చర్చి నుంచి నేరుగా మిల్లుకు వచ్చేవారు, ఇస్త్రీ చొక్కాతోనే. నేను అమ్మే కర్ర వైపు చూసేవారు కాదు. వెనక పారేసిన దుంగల కుప్ప దగ్గర గొంతుక్కూర్చుని భూతద్దం పెట్టేవారు. నేను చెక్కలకు పుచ్చకుండా మందు పూస్తుంటే ఆయనకు గిట్టేది కాదు.

"బూజు నోట్లె మన్ను గొడుతున్నవురా."

"దాని నోరు జూస్తే నేనేం తినాలె సారూ?"

"మీరెట్లనో కాల్చుకుంటరు. మేం పూడ్సుకుంటం. నన్నన్న దానికి దక్కనియ్యి."

సారు భార్య పోయినప్పుడు చుట్టాలు టేకు పెట్టె చేయించి, సమాధి మీద సిమెంటు వేయించారు. సారు తర్వాత మిల్లుకొచ్చి మామిడి చెక్కలు చూపించమన్నారు. "టేకులున్న నూనెకు బూజు జల్ది దగ్గరికి రాదు. పైన సిమెంటు బోస్తే గాలాడది. గాలాడకుంటే లిగ్నిన్ కదలది. మా బాపు మందమర్రి బాయిల దిగి తవ్విన బొగ్గు ఏందిరా? గాలి తగలక, కుళ్లలేక ఆగమైన చెట్టే గద. నన్ను బొగ్గు జెయ్యకుండ్రి. మామిడి చెక్క, పైన ఒట్టి మన్ను. గంతే." కొడుకులకూ చెప్పానన్నారు. నేను చెక్కలు కోయించి, ఆరబెట్టి, పక్కన పెట్టాను.

పెద్దకొడుకు దిగగానే మిల్లుకు వచ్చాడు. చెక్కలు చూపించాను.

"గీటితోని పండ్ల డబ్బాలు జేస్తరన్నా. టేకు దొరికే అడివిల ఉండి, బాపును మామిడి పెట్టెల పంపితే సంఘంల తల ఎట్ల ఎత్తుకోవాలె? దుబాయ్ పోయి ఏం సంపాయించినవ్ అనరా?"

"మీ బాపు అడిగిండు తమ్మీ."

"నవ్వులాటకు, పరాష్కానికి అన్నడు."

"పరాష్కం గాదు. ఆయన జిందగంతా..."

"జర ఆగన్నా. నువ్వు మా ఇంటోనివా?"

కాను. టేకు మాత్రం ఇవ్వనన్నాను. నిర్మల్ నుంచి తెప్పించుకున్నారు, పాలిష్‌తో సహా.

సమాధుల తోటలో పాస్టరుగారు మనిషి మట్టిలో కలవడం గురించి ప్రార్థన చేస్తుంటే, పక్కనే మేస్త్రీ సిమెంటు కలుపుతున్నాడు. పార చప్పుడులో సగం ప్రార్థన వినబడలేదు. కొడుకులు దుర్మార్గులని రాస్తే నాకు సులువుగా ఉండేది. వాళ్లు ఏడ్చారు, నిజంగానే ఏడ్చారు. తండ్రి మీద ప్రేమ ఉంది, తండ్రి చెప్పింది వినే ఓపిక లేదు. ఊళ్లో ఇంతమంది పిల్లలకు చెప్పిన పాఠం ఆయన ఇంట్లో ఎవరికీ ఎక్కలేదు. నాకు కర్రను చూడడం నేర్పింది ఆయనే. ఈ రోజుకీ పుచ్చిన దుంగను చూసి చెద అనబోయి ఆగుతాను.

మొన్న వానలు పడ్డాక వెళ్లాను. పాత మట్టి సమాధుల మీద, కూలిన చెక్క శిలువల మీద పుట్టగొడుగులు గుంపులు గుంపులుగా లేచి ఉన్నాయి. సారు సమాధి నల్లటి గ్రానైటుతో తళతళలాడుతోంది. ఇక్కడే ఉండే చిన్నకొడుకు తాపీ పట్టుకుని, సమాధి అంచున రాలిన కొమ్మ మీద మొలిచినవాటిని గీకుతున్నాడు.

"నిన్ననే తీసిన, మల్ల మొలిచినయి. బాపుకు అంతా సాఫ్‌గ ఉండాలె గదన్నా" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

గీకినవన్నీ ప్లాస్టిక్ కవరులో వేసి, గాలి చొరకుండా ముడి మీద ముడి బిగించి నా చేతికిచ్చాడు.

"పోయేటప్పుడు గీ చెత్త జర బయట పారెయ్యన్నా."