కలర్ టీవీకి పెట్టిన బొట్టు

పాండిచ్చేరి పెద్ద బజారు పక్క వీధిలో మాకు రేడియోల అంగడి ఉండేది. మామగారు పెట్టిన అంగడి. ఆయన పోయాక లైసెన్సు మా అత్త పేరుకు మారింది. కుర్చీలో కూర్చునేది మాత్రం మా ఆయన. ముందు గదిలో ఆయన గొంతు చించుకుని బేరాలాడితే, ఏ సరుకు తెప్పించాలి, ఏ కంపెనీవాణ్ణి నమ్మకూడదు అన్నవి వెనక గదిలో చాప మీద కూర్చుని అత్త తేల్చేది. ఊరికి ఈ సంగతి తెలియదు. తెలియజెయ్యాలని మా ఆయనకూ లేదు.

అమ్మకాలు తగ్గిపోయిన రోజులవి. వైతికుప్పం జాలర్లు ఉప్పుగాలికి తుప్పు పట్టిన ట్రాన్సిస్టర్లు తెస్తే వాటి రిపేర్లతోనే నెట్టుకొచ్చేవాళ్ళం. కలర్ టీవీ వచ్చాక రేడియో వైపు చూసే దిక్కు లేదు. సరిగ్గా అప్పుడే ఒక యూరప్ కంపెనీ మన దేశంలో ఊరూరా అంగళ్ళు వెతకడం మొదలుపెట్టింది. ఊరికి ఒక్కరికే ఏజెన్సీ. ఆ అంగట్లో వాళ్ళ సరుకు తప్ప వేరేది కనబడకూడదు. మేము అడిగాం. మా ఎదురు వరసలో ఫ్యాన్లమ్మే షావుకారూ అడిగాడు. అది ఆయనకు పోతే మేము తలుపులు మూసుకోవడమేనని ఇంట్లో అందరికీ తెలుసు.

కంపెనీవాళ్ళు ముందుగా ఒక టీవీ పంపించారు. పెట్టెలోంచి అప్పుడే తీసినట్టు ఉంచాలట. దాని మీద గుడ్డ కప్పకూడదు, పువ్వులు పెట్టకూడదు, ఏదీ అంటించకూడదు. ఆసియా దేశాల వ్యాపారమంతా చూసే దొర స్వయంగా వచ్చి, సాయంత్రం బొమ్మ ఎట్లా వస్తుందో చూసి, ఏజెన్సీ ఎవరికో చెబుతాడట. బొంబాయి మేనేజరు తేదీ రాస్తే మా ఆయన సంతోషంగా సరేనని జవాబు రాసేశాడు. అది ఆయుధపూజ రోజని బొంబాయాయనకు తెలియకపోవచ్చు. గోడ మీద క్యాలెండరు పెట్టుకుని ఈయనకేమైంది? తెలిసేసరికి మార్చే వీల్లేకపోయింది. మర్నాడు పొద్దున్నే దొరకు మద్రాసులో విమానం.

ఆయుధపూజ నాడు మా అంగట్లో పనిముట్లన్నిటికీ బొట్టు పెట్టి పూజలో ఉంచుతారు. మర్నాడు పొద్దున హారతి ఇచ్చేదాకా దేన్నీ ముట్టుకోరు, ఏ స్విచ్చీ వెయ్యరు. ఆ పొద్దున మా ఆయన పటకారుకూ, కత్తెరకూ, స్క్రూడ్రైవరుకూ గంధం, కుంకుమ పెట్టుకుంటూ వచ్చి, అదే ఊపులో కొత్త టీవీ అద్దం నడిమధ్యన రూపాయంత బొట్టు పెట్టేశాడు. కొత్తగా వచ్చినదాన్ని పూజలో పెట్టకుండా వదిలేసే చెయ్యి మాలో ఎవరికీ లేదు. ఆయన్ననేదేముంది, పైన చామంతులు పెట్టింది నేనే. సాయంత్రం సంగతేమిటని అడిగితే, ఎట్లాగో అవుతుందిలే అన్నాడు. ఎట్లాగో అంటే ఎట్లా అన్నాను. అగరొత్తులు వెలిగించడానికి వెళ్ళిపోయాడు.

దీపాలు పెట్టేవేళకు కారు వచ్చింది. దొర వీధిలోనే నిలబడి చుట్టూ చూస్తున్నాడు. మేనేజరు ముందుగా లోపలికి వచ్చాడు. టీవీని చూడగానే ఆయన ముఖం మాడిపోయింది. దొర గడప దాటేలోగా దాన్ని తుడిచి, ఆన్ చెయ్యమన్నాడు. నేను కాన్వెంటులో చదివినదాన్ని కాబట్టి ఆయన ఇంగ్లీషు మాటలు వీళ్ళకు చెప్పే పని నాది.

మా ఆయన గుడ్డ పట్టుకుని టీవీ దాకా వెళ్ళి ఆగిపోయాడు. మా అంగట్లో రిపేర్లు చేసే పెద్దాయన మెకానిక్కు, పూజలో ఉన్నదాన్ని ముట్టుకోనని గోడవైపు తిరిగాడు. మేనేజరు మా ఆయన చేతిలో గుడ్డ లాక్కుని నాకిచ్చాడు. చదువుకున్నదానివి కదా, నీకేంటి అన్నాడు. బొట్టు చెరపమని చెబుతున్నాడు, ఎదురుగా మొగుణ్ణి పెట్టుకున్న ఆడదానితో! నాకు ఒళ్ళు మండిపోయింది. మీ ఇంటి ఆడవాళ్ళకు చెబుతారా ఈ పని అని ఆయన ఇంగ్లీషులోనే అడిగేశాను. ఆయన గడియారం చూసుకుని, సరే, ఎదురు అంగడికి తీసుకెళతాను అన్నాడు. దొర అప్పటికే మెట్టు మీద కాలు పెట్టాడు. గుడ్డ చేతిలోనే ఉంది, చెయ్యి లేవడం లేదు.

వెనక గది తలుపు తెరుచుకుంది. మామగారు పోయాక అత్త పూజ రోజు ముందు గదిలోకి వచ్చి ఎరగదు. లోపల కూర్చుని గంట చప్పుడు వినేది, అంతే. ఆ రోజు బోసి నొసటితో, ముతక చీరతో, అందరి మధ్య నుంచి నడిచి వచ్చింది.

"ఇట్లియ్యమ్మా," అంది నాతో. "తుడిస్తే పొయ్యేది మీకు. నాది యాడుంది ఇంక పొయ్యేదానికి?"

మా ఆయన అడ్డం రాబోయాడు.

"నువ్వు ఊరికే ఉండు నాయనా. స్విచ్చి యాడుందో చూపియ్యి. అది కూడా నేనే ఏస్తా."

పువ్వులు తీసి పక్కన పెట్టింది. గుడ్డతో తుడిస్తే కుంకుమ అద్దమంతా అలుక్కుపోయింది. చెయ్యి తడి చేసుకుని వేళ్ళతో రుద్ది రుద్ది తీసింది. స్విచ్చి వేసింది. తెర నిండా చుక్కలు, బుర్రుమని చప్పుడు. మా మిద్దె మీది యాంటెన్నాకు మద్రాసు బొమ్మ అందే రోజులు కొన్ని, అందని రోజులు కొన్ని. కాసేపటికి చుక్కలు సర్దుకుని, పచ్చటి చేలో నిలబడి వేరుశనగ తెగులు గురించి చెబుతున్న మనిషి కనిపించాడు. ఆ పచ్చదనం మాలో ఎవరమూ తెర మీద చూసి ఎరగం.

దొర నవ్వి మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆయన చెయ్యి ఇచ్చి నిలబడ్డాడు. నేనింక ఆగలేకపోయాను. అంగడి ఆమెది అని ఇంగ్లీషులో గట్టిగా చెప్పాను. దొర కొంచెం తికమకపడి అత్త వైపు చెయ్యి చాపాడు. ఎర్రగా ఉన్న తన చేతిని చూసుకుని ఆమె దూరం నుంచే దండం పెట్టింది.

కారెక్కే ముందు మేనేజరు ఏజెన్సీ మాకేనని చెప్పాడు. వీధి వీధంతా మా ముందుకు వచ్చింది. మా ఆయన బొరుగులూ శనగలూ పంచుతుంటే, కొడుకంటే ఇట్లా ఉండాలి అని ఎదురు షావుకారు కూడా మెచ్చుకున్నాడు. నేను చెంబుతో నీళ్ళు తీసుకుని వెనక గదిలోకి వెళ్ళాను.

అత్త చాప మీద కూర్చుని ఉంది. ఒళ్ళో అరచెయ్యి తెరిచి పెట్టుకుని చూసుకుంటోంది. వేళ్ళ సందుల్లో కుంకుమ ఇంకా ఉంది. మామగారు పోయాక ఆ వేళ్ళకు కుంకుమ తగలడం అదే మొదలు.

"చెయ్యి కడుక్కో అత్తా," అన్నాను.

"చెంబు ఆడ పెట్టి పో," అంది తలెత్తకుండా. "కాసేపు ఉండనియ్యి."