నగోయా పెద్దాయన వేలు

ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్లో ముసలివాళ్లను డే కేర్ సెంటర్‌కు చేర్చే వ్యాన్ నడుపుతాను. పదో తరగతి దాటనివాడికి అంతకంటే పెద్ద స్టీరింగ్ ఎవరిస్తారు? నా పక్క సీటు ఒక జపాన్ పెద్దాయనది. ప్రతి సిగ్నల్ దగ్గరా చెయ్యి తిన్నగా చాచి, దీపాన్ని వేలితో చూపించి, వాళ్ల భాషలో ఏదో గట్టిగా అనేవారు.

"ఏమంటున్నాడు బాబూ ఆయన?" అంది వెనక సీట్లోని తెలుగు ఆంటీ.

"సిగ్నళ్లకు హాజరు వేస్తున్నారు ఆంటీ."

వ్యానంతా నవ్వింది.

ఒకరోజు ఆయన్నే అడిగాను. వయసులో ఉండగా నగోయాలో ట్రామ్ నడిపారట. ఊరు పెరిగి, రోడ్లు కార్లకే చాలక ట్రామ్ పట్టాలు పీకేశాక, భూమి కింద మెట్రో నడిపారట.

"కన్ను చూడకుండానే చూశానంటుంది. వేలితో చూపించి, నోటితో చెబితేనే చూసినట్టు. మా డ్యూటీ అది" అన్నారు.

అది విన్నాకైనా నోరు మూసుకోవాలి కదా. మర్నాడే చెయ్యి చాచి, అచ్చం ఆయన గొంతుతోనే అరిచాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వి, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకున్నారు. మళ్లీ ఎత్తలేదు.

ఆ వారమే ఎర్రదీపం చూడక దాటబోయి సడన్ బ్రేక్ వేశాను. ఇన్నాళ్లూ నేను చూసింది సిగ్నల్‌ని కాదు, ఆయన వేలిని. పచ్చదీపం వెలిగాక, తల తిప్పకుండా నేనే చెయ్యి చాచి "గ్రీన్" అన్నాను.

"నువ్వూ హాజరు వేస్తున్నావా బాబూ?" అంది ఆంటీ.

వ్యానంతా నవ్వింది. జోకు నాదే కాబట్టి ఎవరినీ ఏమీ అనలేకపోయాను. ఆయన చేతులు ఒళ్లోనే ఉన్నాయి.